చదివి ఊరుకున్నవాళ్ళం

(గోదావరి డెల్టాలోని ఒక గ్రామ గ్రంథాలయంలో, గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, గ్రంథాలయాధికారిగారికి, సార్వా కోతల హడావుడిలో కూడా ఈ సాయంత్రం తీరిక చేసుకొని వచ్చిన పెద్దలకు, అమ్మలకు, వెనుక వరుసల్లో కూర్చున్న కళాశాల విద్యార్థులకు నా నమస్కారాలు.

నిర్వాహకులు నన్ను మొదట ‘సామాజిక మాధ్యమాలు, యువత’ అనే అంశం మీద మాట్లాడమన్నారు. ఆ శీర్షికలో నుంచి ‘యువత’ అన్న మాటను తీసివేయమని నేనే కోరాను. ఫోనులో ఒకరినొకరు నిందించుకోవడం, ఎగతాళి చేయడం, ఒక్కరి మీద పదిమంది పడడం కుర్రవాళ్ళ జబ్బు అని మనం తేలికగా అంటాము. నేను చూసినంతలో అది వయస్సుకు సంబంధించిన జబ్బు కాదు. ఏ గుంపులో ఏది చెల్లుతుందో మనుషులు ఎలా కనిపెడతారు, ఆ కనిపెట్టినదాన్నిబట్టి తమ నోటిని ఎలా దిద్దుకుంటారు లేక చెడగొట్టుకుంటారు అన్నది అసలు విషయం. దాన్ని గురించే ఈ రోజు మాట్లాడతాను.

మా ఊరి వాట్సాప్ గ్రూపులో మూడు వందల పైచిలుకు సభ్యులున్నారు. కాలువకు నీరు ఎప్పుడు వదులుతారు, రొయ్య ఏ కౌంటు ఎంత పలుకుతోంది, ఎవరింట పెళ్ళి, ఎవరు కాలం చేశారు అన్న కబుర్లు అందులో తిరుగుతుంటాయి. కొన్నేళ్ళ కిందట, సార్వా ఊడ్పులు అయిన కొద్ది రోజులకే పెద్ద వాన పట్టి, మురుగు డ్రెయిను ఎగదన్ని శివారు చేలు మునిగాయి. అక్కడ ఎకరంన్నర కౌలుకు చేసుకొనే ఒక ఆమె, గుర్రపు డెక్కతో కప్పుకుపోయిన డ్రెయిను ఫొటో పెట్టి, ఎగువనున్న చెరువులవాళ్ళు తమ నీటిని కూడా అందులోకే వదలడం వల్ల తన చేను మునిగిందని రాసింది. మొదటి జవాబుగా ఒక నవ్వు బొమ్మ వచ్చింది. రెండవది, ఆడవాళ్ళకు డ్రెయిన్ల సంగతి ఎందుకన్న మాట. మూడవది ఆమె భర్త తాగుడు గురించి. గంట గడిచేసరికి సంభాషణ చేనునూ మురుగునూ దాటి ఆమె నడవడి మీదికి, ఆ పైన ఆమె పుట్టిన పేట మీదికి పోయింది. రాత్రి పది దాటాక, “నేను నా చేను సంగతి చెప్పాను, నా ఇంటి సంగతి కాదు” అని ఒక్క వాక్యం రాసి ఆమె కాసేపటికి గ్రూపులో నుంచి వెళ్ళిపోయింది.

అదంతా జరుగుతున్నంతసేపూ నేను చదువుతూనే ఉన్నాను. ఒక్క అక్షరం రాయలేదు. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ణి, ఆ గ్రూపులో నేనొక మాటంటే వినేవాళ్ళు చాలామంది ఉన్నారని తెలిసినవాణ్ణి, ఫోను పక్కన పెట్టి పడుకున్నాను. మర్నాడు ఉదయం కాలువ గట్టు మీద నడుస్తుంటే ఒకరి తరువాత ఒకరుగా పదకొండు మంది నాతో, “రాత్రి జరిగింది తప్పండీ మాష్టారూ” అన్నారు. ప్రతివాడూ గొంతు తగ్గించే అన్నాడు. ప్రతివాడూ ఆ అభిప్రాయం తన ఒక్కడిదే అనుకున్నాడు.

ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. వాట్సాప్ గ్రూపులో మనం పంపిన సందేశం వివరాలు నొక్కితే దాన్ని ఎవరెవరు చదివారో పేర్లతో సహా కనబడుతుందని మీలో చాలామందికి తెలుసు. ఆమె తన చివరి వాక్యానికి ఆ జాబితా చూసుకుందట. నాతో ఇలా అంది: “తిట్టినోళ్ళు ఆరుగురండీ. మిగతావాళ్ళంతా చదివారు కదండీ మాష్టారూ.”

ఆమె అన్న ఆ రెండు వాక్యాలకు మించి నేను ఈ రోజు కొత్తగా చెప్పబోయేది పెద్దగా లేదు. అయితే అవి ఎంత నిజమో తెలుసుకోవడానికి నేను తరువాత చాలా చదివాను. ఆ చదివినదాన్ని మీ ముందు ఉంచుతాను.

గట్టు మీద ఆ పదకొండు మంది పడిన పొరపాటుకు మనస్తత్వశాస్త్రంలో చాలా కాలంగా ఒక పేరుంది. ఫ్లాయిడ్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దాన్ని మొదట వివరించాడు. తెలుగులో దాన్ని సామూహిక అపోహ అనుకోవచ్చు. గుంపులో ఎక్కువమంది లోలోపల ఒక పనిని ఇష్టపడరు, కాని ఎవరూ పైకి అనరు కాబట్టి, తాను తప్ప మిగతావారందరూ దానికి ఒప్పుకున్నారని ప్రతి మనిషీ తీర్మానించుకుంటాడు. 1993లో డెబొరా ప్రెంటిస్, డేల్ మిల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయ విద్యార్థుల తాగుడు అలవాట్లను పరిశీలించి ఇదే చూపారు. తనకు అంత తాగడం ఇబ్బందిగానే ఉన్నదని, తోటివారికి మాత్రం ఆ ఇబ్బంది లేదని ఎక్కువమంది విద్యార్థులు అనుకున్నారు. అందరూ అలాగే అనుకుంటే ఆ ‘తోటివారు’ ఎక్కడ ఉన్నట్టు? ఎక్కడా లేరు. లేని మనుషుల అంగీకారాన్ని ఊహించుకొని ఉన్న మనుషులు నడుచుకుంటున్నారు.

ఇంతకంటే పాతదైన మరొక ప్రయోగం మీలో కొందరికి తెలిసే ఉంటుంది. 1950ల తొలి సంవత్సరాలలో సోలమన్ యాష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక గదిలో కొంతమందిని కూర్చోబెట్టి, ఒక గీత చూపి, పక్కనున్న మూడు గీతలలో దానితో సమానమైనది ఏదో చెప్పమన్నాడు. చిన్నపిల్లవాడైనా చెప్పగలిగిన ప్రశ్న అది. కాని ఆ గదిలో ఒక్కడు తప్ప మిగిలినవారంతా ముందుగా మాట్లాడుకొని వచ్చినవారే. వారు ఒకే తప్పు జవాబును వరుసగా చెప్పుకుంటూ వచ్చేవారు. అటువంటి పరీక్షలలో దాదాపు మూడో వంతు సార్లు ఆ ఒక్క మనిషి తన కళ్ళను కాదని గుంపు మాటే చెప్పాడు. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా అలా లొంగారు. ఈ సగం కథ అందరూ చెబుతారు. నాకు ముఖ్యమనిపించింది రెండవ సగం. ఆ గుంపులో మరొక్క మనిషి సరైన జవాబు చెబితే చాలు, లొంగుబాటు పావు వంతుకు పడిపోయింది. అంతమందీ మారనక్కరలేకపోయింది, తోడుగా ఒక్క గొంతు ఉంటే సరిపోయింది.

ఈ మాట మన ప్రాంతపువారికి అమెరికా నుంచి తెచ్చి చెప్పవలసిన పని లేదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఆ పెళ్ళికి వెళ్ళినవారికి, ఆ ఇంట భోజనం చేసినవారికి వెలి తప్పదని ఛాందసులు బెదిరించారు. వెలి అంటే ఆ రోజుల్లో ఏమిటో ఆలోచించండి. పురోహితుడు రాడు, ఇంట శుభమూ అశుభమూ జరగవు, పిల్లలకు సంబంధాలు దొరకవు. ఆ సమయంలో కాకినాడ నుంచి పైడా రామకృష్ణయ్యగారు ధనంతో ఆదుకోకపోతే ఆ ఉద్యమం ఏమయ్యేదో చెప్పలేము. ఆయన ఇచ్చిన డబ్బు ఎంత ముఖ్యమో, పేరూ ప్రతిష్ఠా ఉన్న మరొక పెద్దమనిషి బాహాటంగా ఈ పక్షాన నిలబడ్డాడన్న సంగతి అంతకంటే ముఖ్యమని నేను నమ్ముతాను. లోలోపల అది న్యాయమే అనుకొని నోరు మెదపని కుటుంబాలు ఆ కాలంలోనూ ఎన్ని ఉండేవో! వెలి భయం నిలబడింది ఆ మౌనాల మీదనే.

సరే, ఊరుకున్నవారి సంగతి ఇది. తిట్టిన ఆరుగురి సంగతి ఏమిటి?

వారిని నేను ఎరుగుదును. నాకు పాఠం రాసి చూపిన వేళ్ళే ఆ రాత్రి ఫోను మీద ఆ మాటలు టైపు చేశాయి. వారిలో ఒకతను వరదల్లో పక్క ఊరికి పడవ మీద అన్నం పొట్లాలు మోసినవాడు. దుర్మార్గుడు అనే ఒక్క మాటతో ఆ మనిషిని తేల్చివేయడం నాకు సాధ్యం కాదు. స్టాన్‌ఫర్డ్, కార్నెల్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు జస్టిన్ చెంగ్ నాయకత్వంలో 2017లో వెలువరించిన ఒక అధ్యయనం నాకు ఇక్కడ ఉపయోగపడింది. వారు కొంతమందికి ముందుగా ఒక పరీక్ష పెట్టారు. సగం మందికి సులభమైనది, సగం మందికి చిరాకు పుట్టించేంత కష్టమైనది. ఆ తరువాత ఒక వార్త కింద చర్చలో పాల్గొనమన్నారు. ఆ చర్చలో కొందరికి అప్పటికే మర్యాదగా రాసిన వ్యాఖ్యలు కనిపించాయి, కొందరికి వెటకారం, దూషణ నిండిన వ్యాఖ్యలు కనిపించాయి. మనసు కుదురుగా ఉండి, ముందరి వ్యాఖ్యలు మర్యాదగా ఉన్నవారిలో కూడా 35 శాతం మంది దురుసుగా రాశారు, అది మరిచిపోకూడదు. కాని చిరాకులో ఉండి, ముందరి వ్యాఖ్యలూ చెడ్డవిగా ఉన్నవారిలో అది 68 శాతానికి పెరిగింది. మనుషులు అటువంటి మనుషులే. మారినవి రెండే: ఆ గంటలోని మనోస్థితి, తమకంటే ముందు రాసినవారు వేసిన దారి. అదే బృందం ఒక పెద్ద వార్తా సంస్థ వ్యాఖ్యలను కొన్నేళ్ళవి పరిశీలించి, రాత్రి పొద్దుపోయాక, వారం మొదటి రోజుల్లో ఇటువంటి రాతలు ఎక్కువ అవుతాయని కూడా గమనించింది.

మా గ్రూపులో ఆ రాత్రి మొదటి జవాబు ఒక నవ్వు బొమ్మ అని చెప్పాను. ఆ మొదటి జవాబుగా, “ఎక్కడమ్మా, ఏ తూము దగ్గర?” అని ఎవరో ఒకరు అడిగి ఉంటే తరువాతి నలభై సందేశాలు ఏ దారిన పోయేవి? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. ఆ నవ్వు బొమ్మ పెట్టిన కుర్రవాడు పెద్ద నేరం చేశాననుకోలేదు. అతను బోదెకు చిన్న గండి పెట్టాడు. నీరు దాన్నే దారి చేసుకుంది.

ఇక్కడ ఒక అపోహను పక్కకు తీయాలి. పేరు దాచుకోగలగడమే ఈ దురుసుతనానికి మూలమని, అందరి చేతా అసలు పేర్లు రాయిస్తే అంతా సర్దుకుంటుందని తరచు వింటాము. దక్షిణ కొరియా 2007లో సరిగ్గా అటువంటి చట్టమే చేసి, పెద్ద వెబ్‌సైట్లలో రాసేవారి గుర్తింపును ముందుగా నిర్ధారించాలన్నది. 2012లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టివేసింది. అనుకున్న మేలు జరిగిన ఆధారం లేదని, వాక్స్వాతంత్ర్యానికి మాత్రం హాని జరిగిందని తేల్చింది. అంత దూరం పోనక్కరలేదు. మా ఊరి గ్రూపులో ఎవరి పేరు దాగి ఉంది? ఇంటిపేరు, తాత పేరు, పొలం సర్వే నంబరు సహా అందరికీ అందరూ తెలుసు. తెలిసే తిట్టారు.

గుంపులో కలిసిపోయిన మనిషి కట్టుబాట్లన్నీ వదిలేసి పశువులా ప్రవర్తిస్తాడన్న అభిప్రాయం నూరేళ్ళ పైబడి చలామణిలో ఉంది. టామ్ పోస్ట్‌మ్స్, రసెల్ స్పియర్స్ అనే ఇద్దరు 1998లో అంతవరకు జరిగిన 60 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసి, దాదాపు దీనికి ఎదురు మాట చెప్పారు. గుంపులో కలిసినప్పుడు మనిషి కట్టుబాట్లను వదిలేయడు. తన సొంత కట్టుబాట్లను పక్కన పెట్టి ఆ గుంపు కట్టుబాటును మరింత గట్టిగా పట్టుకుంటాడు. ఇది చాలా లోతైన తేడా. అతను అదుపు తప్పాడని మనం అనుకుంటాము. అతను మాత్రం మరొక అదుపులోకి వెళ్ళాడు.

సినిమా అభిమానుల మధ్య నడిచే యుద్ధాలను చూడండి. మన రెండు గోదావరి జిల్లాల్లో అభిమానం ఎంత గాఢమైనదో నేను చెప్పనక్కరలేదు. ఒకే కాలేజీలో, ఒకే బల్ల మీద కూర్చొని ఒకే క్యారేజీలో తినే ఇద్దరు స్నేహితులు, రాత్రయ్యేసరికి రెండు హీరోల పక్షాలుగా చీలి, ఎదుటి హీరో తల్లినీ భార్యనూ కూతుర్నీ నోటికొచ్చినట్టు రాస్తారు. అలా రాసిన ఒక విద్యార్థిని నేను కూర్చోబెట్టి అడిగాను. “మాది వెనకపడిపోతుంది కదండీ సార్, అందరం కొట్టాలి” అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. అది వంతుకు వచ్చిన పని, ఎగ్గొడితే తనవాళ్ళ దగ్గర చిన్నతనం. ఆడవారిని కించపరచడం ఆ గుంపులో నీతి తప్పడం కాదు, విధేయత చూపడం. ఆ విద్యార్థి ఇంట్లో తన చెల్లెలితో ఎంతో మర్యాదగా మాట్లాడతాడు. ఇంటి కట్టుబాటు అక్కడ, గుంపు కట్టుబాటు ఇక్కడ. మనం ఆ పిల్లవాడికి సంస్కారం నేర్పాలని ఉపన్యాసాలు ఇస్తున్నాము. అతనికి సంస్కారం ఉన్నది. దాన్ని బయట పెడితే పరువు దక్కే చోటు ఆ గుంపులో లేదు.

ఈ నేర్పుడు ఎలా జరుగుతుందో కూడా ఇప్పుడు కొంత తెలుసు. విలియం బ్రేడీ, మోలీ క్రాకెట్, వారి సహచరులు 2021లో 7,331 మంది ట్విటర్ వాడుకరులు రాసిన కోటీ ఇరవై ఏడు లక్షల ట్వీట్లను పరిశీలించారు. ఆగ్రహం నిండిన మాట రాసినప్పుడు ఎక్కువ లైకులు, షేర్లు వచ్చినవారు ఆ తరువాతి రోజుల్లో అటువంటి మాటలు మరింత ఎక్కువగా రాశారు. తీవ్రమైన అభిప్రాయాలున్న గుంపులవారు ఎలాగూ రాస్తూనే ఉంటారు కాబట్టి వారిలో లైకుల వల్ల వచ్చిన మార్పు తక్కువ. మధ్యస్థంగా ఉండేవారి మీద ఆ మెప్పు ఎక్కువ పనిచేసింది. దీని అర్థం నాకు భయం కలిగించింది. మన నడుమ నెమ్మదస్తుడు అనిపించుకున్నవాణ్ణి ఒక్కొక్క బొటనవేలి గుర్తుతో మనమే కొంచెం కొంచెం దురుసుగా తయారు చేస్తున్నాము. ఆ బొటనవేలి గుర్తు పెట్టడానికి మనకు ఒక్క క్షణం కూడా పట్టదు.

అయితే చెడ్డ రాతను గుంపంతా ఛీ కొడితే సరిపోతుందా అంటే, అదీ అంత సులువుగా లేదు. అదే చెంగ్ బృందం 2014లో మరొక పరిశీలన చేసింది. తన రాతకు ప్రతికూల ఓట్లు పడిన మనిషి సిగ్గుపడి తగ్గలేదు, పైగా ఎక్కువ రాశాడు, ఇంకా నాసిగా రాశాడు, తరువాత ఇతరుల రాతలకు తానూ ప్రతికూల ఓట్లు వేయడం మొదలుపెట్టాడు. నలుగురిలో పరువు తీస్తే మనిషి దిద్దుకుంటాడన్న మన పాత నమ్మకం అక్కడ చెల్లలేదు. ఈ సంగతి తెలియక నేను మా గ్రూపులో తరువాత ఒక పొరపాటు చేశాను. ఒక కుర్రవాణ్ణి అందరి ముందు పేరు పెట్టి మందలించాను. అతను ఆ రాత్రే మరొక గ్రూపు పెట్టి ఇరవై మందిని అందులోకి తీసుకుపోయాడు. అక్కడ ఏమి మాట్లాడుకుంటున్నారో ఇప్పుడు నాకు తెలియదు.

ఇక నియమాల మాట. చాలా గ్రూపులకు నియమాలు ఉంటాయి. ‘రాజకీయాలు వద్దు, బూతులు వద్దు’ అని అడ్మిన్ ఎప్పుడో ఒకసారి రాసి ఉంటాడు. అది రాసిన నియమం. రోజూ కంటికి కనబడేది నడిచే నియమం. రెండూ ఎదురైతే గెలిచేది ఎప్పుడూ నడిచేదే. రాబర్ట్ చాల్దీని అనే మనస్తత్వ శాస్త్రవేత్త, అతని సహచరులు 1990లో ప్రచురించిన ప్రయోగాలలో, అప్పటికే చెత్త పడి ఉన్న చోట మనుషులు తమ చేతిలోని కాగితాన్ని కూడా అక్కడే పడేయడం ఎక్కువని చూపారు. శుభ్రంగా ఉన్నచోట అదే మనుషులు వెనకాడారు. అదే చాల్దీని బృందం తరువాత అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో శిలీభూతమైన చెట్లుండే ఒక జాతీయ వనంలో మరొక సంగతి గమనించింది. ‘ఎందరో సందర్శకులు ఇక్కడి ముక్కలు దొంగిలించుకుపోతున్నారు’ అని వాపోతూ బోర్డు పెట్టినచోట దొంగతనాలు ఎక్కువయ్యాయి. కారణం తేలికే. అందరూ చేస్తున్నారని ఆ బోర్డే చెప్పింది. ‘మన గ్రూపులో అందరూ తిట్టుకోవడమే, ఎవరికీ బుద్ధి లేదు’ అని వారానికొకసారి నిట్టూర్చే అడ్మిన్లు ఈ సంగతిని గుర్తుంచుకోవాలని మనవి. ఆ నిట్టూర్పు కొత్తగా చేరినవాడికి ఇక్కడ ఆనవాయితీ ఏమిటో నేర్పుతుంది.

నియమాన్ని చెప్పవలసిన చోట, చెప్పవలసిన రీతిలో చెబితే పని చేస్తుందనడానికి ఆధారం ఉంది. నేథన్ మటాయస్ అనే పరిశోధకుడు, రెడిట్ అనే చర్చల వెబ్‌సైట్‌లో కోటి మందికి పైగా సభ్యులున్న ఒక విజ్ఞానశాస్త్ర చర్చా వేదికలో, రెండు వేలకు పైగా చర్చలను తీసుకొని, లాటరీ పద్ధతిన కొన్నిటిలో మాత్రం ఇక్కడి నియమాలు ఇవి, ఇంతమంది కలిసి వీటిని కాపాడుతున్నారు అన్న ప్రకటనను చర్చ పైభాగాన ఉంచాడు. 2019లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం, కొత్తవారు నియమాలకు లోబడి రాయడం 8 శాతం పాయింట్లు పెరిగింది. అంతకంటే ఆశ్చర్యం, కొత్తగా వచ్చి రాసేవారి సంఖ్య సుమారు 70 శాతం పెరిగింది. నియమాలు పెడితే జనం జంకి పారిపోతారని మనం అనుకుంటాము. ఇక్కడ నన్ను కొట్టరు, తిట్టరు అన్న ధైర్యం చిక్కినవాడే నోరు తెరుస్తాడని ఆ లెక్క చెబుతున్నది. మా శివారు రైతు ఏ ధైర్యంతో మళ్ళీ రాస్తుంది?

డెల్టాలో పుట్టినవారికి ఈ విషయం నీటి భాషలో చెబితే త్వరగా అర్థమవుతుంది. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట వల్ల మనకు నీరు వచ్చింది. కాలువలు తవ్వగానే నీరు అందరికీ సమానంగా అందలేదు. ఎగువ రైతుకు తూము చేతిలో ఉంటుంది, శివారు రైతుకు మిగిలినది చేరుతుంది. దాళ్వాకు, అంటే రెండో పంటకు, నీరు చాలనప్పుడు వంతులు పెట్టుకున్నాము. రాత్రి పూట ఎవరి వంతును ఎవరూ దొంగిలించకుండా గట్టు మీద కాపలా పడుకున్నాము. ఎలినార్ ఆస్ట్రమ్ అనే విదుషీమణి స్పెయిన్‌లోనూ ఫిలిప్పీన్స్‌లోనూ రైతులు తరతరాలుగా నడుపుకుంటున్న నీటి వ్యవస్థలను చదివి, అందరికీ చెందిన వనరు ఎక్కడ నిలిచింది, ఎక్కడ పాడైందన్నది పరిశోధించారు. ఆ కృషికి 2009లో ఆమెకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది. నిలిచినచోట్ల ఆమె చూసిన లక్షణాలలో రెండు మనకు పనికివస్తాయి. నియమం చేసేటప్పుడు దానికి లోబడేవారి మాట కూడా చెల్లింది. తప్పు చేసినవాడికి మొదటిసారి చిన్న శిక్ష పడింది, మళ్ళీ మళ్ళీ చేస్తే పెరుగుతూ పోయింది. మొదటి తప్పుకే ఊరి నుంచి వెళ్ళగొట్టలేదు, పదో తప్పును కూడా చూసీచూడనట్టు వదల్లేదు. మన అడ్మిన్లలో చాలామంది ఈ రెండు పొరపాట్లూ ఒకే వారంలో చేస్తారు.

వెళ్ళగొట్టడం ఎప్పుడూ పనికిరాదని నేను అనడం లేదు. రెడిట్ సంస్థ 2015లో మనుషుల శరీరాలను, జాతిని ద్వేషించడానికే ఏర్పడిన రెండు పెద్ద గుంపులను మూసివేసింది. ఈశ్వర్ చంద్రశేఖరన్, ఎరిక్ గిల్బర్ట్, వారి సహచరులు తరువాత లెక్కించి చూస్తే, ఆ గుంపుల సభ్యులలో చాలామంది ఆ వేదికనే వదిలిపోయారు. ఉండిపోయినవారి ద్వేషపు మాటలు కనీసం 80 శాతం తగ్గాయి, వారు చేరిన ఇతర గుంపులూ చెప్పుకోదగినంతగా చెడిపోలేదు. అదే మనిషి, చోటు మారితే నోరు మారింది. అలాగని వేరే చోట సొంత వేదిక కట్టుకొని పోయిన గుంపులు అక్కడ మరింత తీవ్రంగా మారిన సందర్భాలూ ఉన్నాయి. డ్రెయినుకు అడ్డుకట్ట వేసి మన చేను కాపాడుకుంటే, నీరు పక్క చేను ముంచుతుంది.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట ఒకటి చెప్పాలి. మర్యాద అన్నది కూడా ఆయుధం కావచ్చు. గ్రూపులో గొడవలు వద్దు, అందరం ఒక్కటిగా ఉందాం అన్న మాట వినడానికి ఎంతో బాగుంటుంది. కాని ఆ మాట ఎక్కువసార్లు ఎవరితో అంటున్నామో గమనించండి. తిట్టినవాడితో కాదు, తిట్టు తిన్నాక అడిగినవాడితో అంటున్నాము. కౌలుదారు కౌలు గుర్తింపు కార్డు గురించి అడిగినప్పుడు, పేటకు మంచినీటి పైపు ఎందుకు రాలేదని ఒక కుర్రవాడు అడిగినప్పుడు, ‘ఇక్కడ రాజకీయాలు వద్దు’ అన్న నియమం హఠాత్తుగా గుర్తుకు వస్తుంది. 1881లో వీరేశలింగంగారిని వెలివేస్తామన్నవారు కూడా తాము కట్టుబాటునే కాపాడుతున్నామనుకున్నారు. కాబట్టి నేను కోరే కట్టుబాటు నోళ్ళు మూయించేది కాదు. విషయం మీద ఎంత ఘాటుగానైనా మాట్లాడనివ్వాలి, మనిషి పుట్టుక మీద, ఇంటి ఆడవారి మీద ఒక్క మాట కూడా పడనివ్వకూడదు. ఈ రెండింటి నడుమ గీత గీయడం కష్టమని కొందరు అంటారు. ఆ రాత్రి ఆమె ఒక్క వాక్యంలో ఆ గీత గీసి చూపింది.

కోనసీమవాసులు ఇక్కడ ఉన్నారు. 2022 మే 24న, జిల్లా పేరుకు అంబేద్కర్ పేరు చేర్చడాన్ని వ్యతిరేకిస్తూ అమలాపురంలో జరిగిన నిరసన హింసగా మారి, ఒక మంత్రిగారి ఇల్లు, ఒక శాసనసభ్యుని ఇల్లు తగలబడడం, తరువాత మొబైల్ ఇంటర్నెట్ ఆపివేయడం మనమందరం చూశాము. దాని బాధ్యుల గురించి మాట్లాడడం నా పని కాదు. నేను ఒక్కటే అడుగుతాను. దానికి ముందరి వారాలలో మీ మీ గ్రూపులలో ఒక కులం గురించి మరొక కులం వారు రాసినవి మీకు గుర్తున్నాయి కదా. వాటిని చదివి మీలో ఎంతమంది బాధపడ్డారు? అందులో ఎంతమంది ఆ బాధను అక్కడే, ఆ గ్రూపులోనే రాశారు? ఇంటర్నెట్ ఆపగలరు. అది తిరిగి వచ్చిన రోజున అవే గ్రూపులు, అవే అలవాట్లు అక్కడే ఉన్నాయి.

చట్టం చూసుకుంటుందిలే అన్న మాట కూడా విన్నాను. చికాకు కలిగించే సందేశాలు పంపడాన్ని నేరం చేసిన, ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. ఏది ‘చికాకు కలిగించే’ మాట అన్నది పోలీసుల ఇష్టానికి వదిలేస్తే ఎంత ప్రమాదమో ఆ తీర్పు వివరించింది, అది సరైన తీర్పేనని నా అభిప్రాయం. సభ్యుడు పెట్టిన సందేశానికి అడ్మిన్‌ను నేరస్థుణ్ణి చేయలేమని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. అదీ న్యాయమే. కాని చట్టం నన్ను బాధ్యుణ్ణి చేయకపోవడం వేరు, నాకు బాధ్యత లేకపోవడం వేరు. ఆ సంస్థలకూ బాధ్యత ఉంది. పుకార్లు, మూకదాడుల తరువాత వాట్సాప్ 2018లో మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా కట్టడి చేసింది. కాలువ వాలు మార్చే అధికారం వారిది. అయితే మన బోదెలో తూడు పీకడానికి ఏ కంపెనీ ప్రతినిధీ రాడు.

మా గ్రూపులో ఏమి చేశామో చెప్పి ముగిస్తాను. నలుగురు అడ్మిన్లు ఉండేవారు, నలుగురూ ఎగువ రైతులే, నలుగురూ మగవారే. ఇప్పుడు ఇద్దరు ఆడవారు, శివారు నుంచి ఒకరు, పేట నుంచి ఒకరు చేరారు. నియమాలను పంచాయతీ అరుగు మీద కూర్చొని, చదువు రానివారికి చదివి వినిపించి, నాలుగు వాక్యాలుగా రాసుకున్నాము. కొత్త సభ్యుడు చేరిన ప్రతిసారీ అవి పైకి వస్తాయి. ఎవరైనా గీత దాటితే మొదట అడ్మిన్ అతనికి విడిగా ఫోను చేస్తాడు, గ్రూపులో పేరు ఎత్తడు. రెండోసారి వారం, మూడోసారి నెల బయట ఉండాలి. ఎవరి కష్టమైనా గ్రూపులోకి వచ్చినప్పుడు మొదటి జవాబు ప్రశ్నగా ఉండాలని మేము అనుకున్నాము. అది నియమం కాదు, మాలో ఏడుగురం ఒకరికొకరం ఇచ్చుకున్న మాట. ఆ ఏడుగురిలో ఎవరో ఒకరు మేలుకొని ఉంటారు. ఆ రాత్రి తిట్టినవారిలో ఇద్దరు ఈ ఏడుగురిలో ఉన్నారు. దురుసు మాటలు పూర్తిగా పోలేదు. పంచాయతీ ఎన్నికలప్పుడు మళ్ళీ నెల రోజులు చాలా కష్టపడ్డాము.

ఆమె మాత్రం తిరిగి గ్రూపులో చేరలేదు. నేను రెండుసార్లు వెళ్ళి అడిగాను. రెండోసారి మజ్జిగ ఇచ్చి, “మా అబ్బాయి చూస్తున్నాడండీ, చాలు” అంది. ఆ అబ్బాయి పోయిన వేసవిలో అదే డ్రెయిను ఫొటో మళ్ళీ పెట్టాడు. ఏ తూము దగ్గర అని అడిగినది నేను కాదు, అప్పట్లో నవ్వు బొమ్మ పెట్టిన కుర్రవాడు. వానలు పడేలోపల డెక్క తీయించాము. ఆనాడు ఆమెకు పోయిన పంటకు ఎవరమూ ఏమీ చెయ్యలేదు.

ఇక మీరు అడగండి. ముందుగా అమ్మల వైపు నుంచి ఎవరైనా అడిగితే సంతోషిస్తాను.